కేన్సర్ పరిశోధన పత్రాలు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: పందిలో 167, మనిషిలో 175

పోయిన పాఠం చివర, పందుల మీద వచ్చిన పత్రాల్లో కనబడే 'టీపీ53 ఆర్167హెచ్' అనే జన్యుమార్పు అంటే ఏమిటో రాసి పంపమన్నాను. రాత్రి కూర్చుని దిద్దాను. సగంమంది "అచ్చుతప్పు సార్, 175 ఉండాలి" అన్నారు. గుంటూరు నుంచి ఒకమ్మాయి అయితే 167ను కొట్టేసి, ఎర్ర ఇంకుతో 175 వేసి మరీ పంపింది. ధైర్యం నచ్చింది, జవాబు తప్పు. అందుకని ఈవేళ కొత్త పాఠం కొంచెమే.

అక్షరాల సంగతి మళ్ళీ చెప్పను. ముందున్నది పాత అమైనో ఆమ్లం, వెనకున్నది కొత్తది, మధ్యలోది స్థానం. ఆర్ అంటే ఆర్జినిన్, హెచ్ అంటే హిస్టిడిన్.

చిక్కంతా ఆ అంకెతోనే. టీపీ53 జన్యువు తయారుచేసే ప్రొటీన్ పేరు పి53. మనిషి పి53లో 175వ చోటున్న ఆర్జినిన్, పంది పి53లో 167వ చోట ఉంటుంది. దానికి ముందు భాగంలో పందికి కొన్ని అమైనో ఆమ్లాలు తక్కువ. విజయవాడలో గుంటూరు ప్యాసింజర్ ఎక్కి, ఆగిన స్టేషన్లు లెక్కపెట్టండి. కృష్ణా కెనాల్ ఒకటి, మంగళగిరి రెండు, నంబూరు మూడు. కృష్ణా కెనాల్‌లో ఆగని బండైతే నంబూరు రెండోది. నంబూరు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇది సరిగ్గా పట్టుకున్నవాళ్ళలోనే కొందరు ఇంకో గుంటలో పడ్డారు. "మనిషి నంబరులోంచి 8 తీసేస్తే పంది నంబరు" అని సూత్రం కట్టేశారు! నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. బెజవాడ హాస్టళ్ళలో అంటుకున్న ఈ షార్ట్‌కట్ల జబ్బు ఎంఎస్సీకి వచ్చినా వదలదు. కేరాస్ అనే ఇంకో కేన్సర్ జన్యువులో జి12డి మార్పు తీసుకోండి. మనిషిలో 12, పందిలోనూ 12. మీ సూత్రం ప్రకారం 4వ చోటికి వెళితే అక్కడ జి, అంటే గ్లైసిన్ ఉండదు, టైరోసిన్ ఉంటుంది. ఏపీసీ జన్యువు చూడండి. మనిషిలో 1309వ చోటు, పందిలో 1311. ఇక్కడ తగ్గకపోగా రెండు పెరిగింది. ఏ ప్రొటీన్ లెక్క ఆ ప్రొటీన్‌దే. రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూడ్డం తప్ప దారి లేదు.

ఏపీసీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఏపీసీలో ఆ 1311వ చోట మార్పు చేసిన పందుల గురించి 2012లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించారు. పెద్దపేగు లోపలి గోడ మీద వందలకొద్దీ పాలిప్స్ (చిన్న చిన్న కండ పెరుగుదలలు) పుట్టే వంశపారంపర్య జబ్బుకు అవి నమూనా. ఏపీసీ చెడిన ఎలుకల్లో పాలిప్స్ ఎక్కువగా చిన్నపేగులో వస్తాయి. ఈ పందుల్లో మనిషికిలాగే పెద్దపేగులో వస్తాయి, పైగా మనుషులకు వాడే కొలనోస్కోపుతోనే చూడొచ్చు. ఎలుకలు చాలవా అని అడిగినవాళ్ళకు నా జవాబు ఇదే.

ఇక ఈవేళ్టి పాఠం. 2015లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం బృందం ప్రచురించిన ఆంకోపిగ్ అనే కేన్సర్ పరిశోధన పందిలో కేరాస్ జి12డి, టీపీ53 ఆర్167హెచ్ రెండూ ఉన్నాయి. అయినా అది పుట్టుకతో కేన్సర్ ఉన్న పంది కాదు. ఆ జన్యువుల ముందు 'ఎల్ఎస్ఎల్' అని ఉంటుంది, అంటే లాక్స్-స్టాప్-లాక్స్. లాక్స్ అంటే డీఎన్ఏలో ఒక చిన్న గుర్తు. రెండు లాక్స్‌ల మధ్య ఆపుడు సంకేతం, అది ఉన్నంతవరకు జన్యువులు పలకవు. క్రీ అనే ఎంజైము దాన్ని కత్తిరించి పడేస్తే మేలుకుంటాయి. క్రీ జన్యువును అడినోవైరస్‌లో పెట్టి సూదితో ఎక్కిస్తారు, ఎక్కించినచోట కణితి మొదలవుతుంది. 2014లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు చూపిన టీపీ53 పందులకు ఈ తాళం లేదు. వాటిలో జన్యువు రెండు ప్రతులూ మారినవాటికి లింఫోమాలు (రక్తంలోని ఒకరకం తెల్లకణాల కేన్సర్లు), ఎముక కణుతులు వాటంతటవే వచ్చాయి.

పత్రం చేతికొస్తే నేను పరిచయం చదవను. నేరుగా జన్యు నిర్మాణం బొమ్మకు వెళ్ళి, ఎల్ఎస్ఎల్ ఉందో లేదో చూస్తాను. మిగతాది టీ తాగాక.

అభ్యాసం మర్చిపోయాను. యూనిప్రోట్ అనే ప్రొటీన్ల వెబ్‌సైటు నుంచి మనిషి పి53, పంది పి53 వరుసలు దింపుకుని, జిరాక్సు షాపులో ప్రింటు తీయించండి. మొదటి 200 అక్షరాల్ని సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండా, పైనొకటి కిందొకటి పెట్టి పెన్సిల్‌తో కలపండి. 'ఆర్ ఆర్ సీ పీ హెచ్ హెచ్' కనబడినచోట ఆగండి, రెండో ఆర్ మనది. లెక్క ఎక్కడ తప్పడం మొదలైందో, తేడా 8కి ఎక్కడ చేరిందో గీత గీసి పంపండి. ఒక పూట పడుతుంది, ఆదివారం పెట్టుకోండి. రబ్బరు కూడా దగ్గరుంచుకోండి.