చెక్కు తిరిగొస్తే ముందు తేదీలు చూసుకోండి

కావలిలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను. రొయ్యల పట్టుబడులు అయిన నెలా రెండు నెలలకు మా ఆఫీసుకు చెక్కు కేసుల తాకిడి మొదలవుతుంది. పోయిన సీజన్లో అల్లూరు వైపు రైతొకాయన, రొయ్యలు కొన్న వ్యాపారి ఇచ్చి బ్యాంకులో తిరిగొచ్చిన రూ.3,40,000 చెక్కు పట్టుకొచ్చి, "స్టేషన్లో కంప్లయింట్ ఇద్దామా అన్నా?" అన్నాడు.

"స్టేషన్‌తో పనిలేదు నాయనా. చెక్కు తిరిగొస్తే వేసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కేసు మనమే మేజిస్ట్రేట్ కోర్టులో వేసుకోవాలి. మెమో ఏదీ?"

మెమో ఇంట్లో ఎక్కడో ఉందట! బ్యాంకు ఇచ్చే ఆ రిటర్న్ మెమో మీద తేదీ, కారణం ఉంటాయి. 'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్' (ఖాతాలో డబ్బు చాలలేదు) అని ఉన్నా, 'అకౌంట్ క్లోజ్డ్' అని ఉన్నా కేసు వేయొచ్చు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. వ్యాపారి "వచ్చే పట్టుబడికి సర్దుతాలే" అంటూ తిప్పించేది ఈ నెల రోజులు దాటించడానికే. మాట్లాడుకోండి, కాదనను. నోటీసు మాత్రం ఆపొద్దు. గడువు దాటిపోయినా చెక్కు మీద తేదీకి మూడు నెలలు నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, కొత్త మెమో తీసుకోవచ్చు. మా రైతు గట్టెక్కింది అలాగే.

నోటీసులో చెక్కు నంబరు, తేదీ, బాకీ దేనికో రాసి, చెక్కు మొత్తం ఎంతో అంతే అడగాలి. వడ్డీ, ఖర్చులు కావాలంటే విడిగా చూపించాలి. చెక్కు వేయకముందే అతను కొంత కట్టి ఉంటే, అది చెక్కు మీదే రాయించి మిగతాదానికే వేయాలి. అది దాచి మొత్తానికి వేస్తే కేసు నిలవదు.

2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి నోటీసు అందులోనే పంపుతున్నాం. ఇంటికొకటి, దుకాణానికొకటి. రసీదు, ట్రాకింగ్ ప్రింటు జాగ్రత్త. సరైన అడ్రసుకు పంపితే, తీసుకోనని కవరు తిప్పి పంపినా అందినట్టే లెక్క. ఆ కవరు చించకుండా అలాగే తెచ్చివ్వండి.

నోటీసు అందాక కట్టడానికి అతనికి 15 రోజులు. జూన్ 20న అందితే జులై 5 దాకా అన్నమాట. ఈలోపు కేసు వేస్తే చెల్లదు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు వేయాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపి కోర్టును ఒప్పించాలి, అదో తలనొప్పి.

వ్యాపారిది భీమవరమైనా భయం లేదు. మీ ఖాతా కావలి బ్రాంచిలో ఉండి అందులో చెక్కు వేస్తే, 2015 సవరణ ప్రకారం కేసు కావలిలోనే. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. తప్పు ఒప్పుకోనంటే, విచారణ నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగొచ్చు. ఇప్పించాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం.

మధ్యలో రాజీకి వస్తే చట్టం ఒప్పుకుంటుంది. అయితే మళ్లీ చెక్కు ఇస్తానంటే మాత్రం తీసుకోకండి. డబ్బు ఖాతాలో పడ్డాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టండి.