చేతి కడియం నుంచి టెరాహెర్ట్జ్ రింగు దాకా

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న రాగి కడియం ఒకటి ఎప్పుడూ నా టేబుల్ మీద ఉంటుంది. టెరాహెర్ట్జ్ రింగుల్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసే ప్రాజెక్టుకని వచ్చే జూనియర్ల చేతిలో మొదట అదే పెడతాను. కొసలు రెండూ కలవని చోట ఉన్న సందు కెపాసిటర్, చుట్టూ తిరిగిన రాగి ఇండక్టర్. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా స్పందిస్తాయి, అదే రెజోనెన్స్. ఇలాంటి రింగుల్ని మైక్రోమీటర్లకు కుదించి వరసగా పేరిస్తే మెటామెటీరియల్ అవుతుంది, అంటే గుణాలు ఆకారం నుంచి వచ్చే కృత్రిమ పదార్థం. 1 టెరాహెర్ట్జ్ (సెకనుకు లక్ష కోట్ల కంపనాలు) దగ్గర తరంగదైర్ఘ్యం గాలిలో 300 మైక్రోమీటర్లే. మన గాదంకి వాతావరణ రాడార్ వాడే 53 మెగాహెర్ట్జ్‌కు అది ఐదున్నర మీటర్ల పైమాట.

మొదటి డిజైన్‌కు ఈ కొలతలు తీసుకోండి: చదరపు రింగు భుజం 36 మైక్రోమీటర్లు, గీత వెడల్పు 4, సందు 2, ఒక రింగు మధ్య నుంచి పక్క రింగు మధ్యకు దూరం (పీరియడ్) 50. కింద సిలికాన్, పైన 200 నానోమీటర్ల బంగారం. రెజోనెన్స్ అర టెరాహెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది కాబట్టి 0.2 నుంచి 1.2 టెరాహెర్ట్జ్ దాకా చూస్తే చాలు.

వేల రింగులు గీయక్కర్లేదు. ముగ్గులో ఒక గడి వస్తే మిగతాదంతా వచ్చినట్టే. ఒక్క రింగు గీసి, నాలుగు పక్కలా యూనిట్ సెల్ బౌండరీ (ఇదే రింగు అన్ని వైపులా పునరావృతం అవుతుందని సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది), పైనా కిందా ఫ్లోకే పోర్టులు (తరంగాన్ని పంపి, అందుకునే చోట్లు) పెట్టండి. విద్యుత్ క్షేత్రం సందులో ఒక కొస నుంచి ఎదుటి కొసకు పోయే దిశలోనే ఉండాలి. దాన్ని 90 డిగ్రీలు తిప్పితే మనకు కావలసిన రెజోనెన్స్ మాయమవుతుంది. బంగారాన్ని పర్ఫెక్ట్ కండక్టర్‌గా వదిలేయకండి, అసలు వాహకత ఇవ్వండి. లేకపోతే ట్రాన్స్‌మిషన్ గ్రాఫ్‌లో రెజోనెన్స్ దగ్గర పడే గుంట, అంటే డిప్, ఉండాల్సినదానికంటే సన్నగా, లోతుగా కనిపించి ఆశ పెడుతుంది.

నేను రెండు వారాలు పోగొట్టుకున్నది సిలికాన్ దగ్గర. 500 మైక్రోమీటర్ల పలక మొత్తం గీశాను. గ్రాఫ్ నిండా డిప్‌లే! బాలాజీ కాలనీ గదిలో రాత్రంతా కూర్చుని ఒక్కోదానికీ ఒక్కో కారణం రాసుకున్నాను. తెల్లారి దూరాలు కొలిస్తే అన్నీ దాదాపు 88 గిగాహెర్ట్జ్ ఎడంలో ఉన్నాయి. పలక రెండు ముఖాల మధ్య తరంగం అటూ ఇటూ తిరగడం వల్ల వచ్చినవి అవి. రింగు తీసేసి ఉత్త సిలికాన్‌తో రన్ చేశాను, అవే వచ్చాయి. ఆ రోజు చాలా బాధేసింది. మీరు మాత్రం ఉత్త సిలికాన్ రన్ ముందే చేసి పెట్టుకోండి. కింది పోర్టును సిలికాన్ లోపలే పెడితే వెనక నుంచి వచ్చే ఆ ప్రతిఫలనం ఉండదు.

తర్వాత మెష్, అంటే లెక్క కోసం సాఫ్ట్‌వేర్ బొమ్మను విడగొట్టే చిన్న గడులు. సందులో రెండు మూడు గడులే పడితే ఆ ఫలితాన్ని నమ్మకండి. గడులు రెట్టింపు చేసి మళ్ళీ రన్ చేయండి. డిప్ పక్కకు కదులుతుంటే, కదలడం ఆగేదాకా చేయాల్సిందే. ఎంత టైమ్ పట్టినా ఇక్కడ తొందర వద్దు.

డిప్ కుదురుకున్నాక ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సర్ఫేస్ కరెంట్ (లోహం మీద కరెంటు పోయే దిశను బాణాలతో చూపే బొమ్మ) తెరవండి. బాణాలు రింగు చుట్టూ గుండ్రంగా తిరగాలి. ఎదురెదురు భుజాలు రెండింటిలోనూ ఒకే వైపు పోతుంటే అది డైపోల్ రెజోనెన్స్, మనది కాదు. గుండ్రంగా తిరిగితే సందును 2 నుంచి 3 మైక్రోమీటర్లకు మార్చి చూడండి. కెపాసిటెన్స్ తగ్గి, డిప్ కుడివైపుకు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపుకు, జరగాలి.