వ్యసన విముక్తి కౌన్సెలింగ్ నేర్చుకుందాం: 5వ పాఠం – క్వార్టర్ అంటే ఎన్ని డ్రింకులు?

ఎదుటి మనిషి మాటను తిరిగి అతనికే వినిపించడం ఎలాగో ఈ వారం నేర్చుకోవాలి. అది కొంచెమే కుదురుతుంది. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు రాసి పంపిన జవాబులన్నీ రెండుసార్లు చదివాను. సగానికి పైగా ఒకే చోట తప్పారు. ఈ తప్పుతోనే ముందుకు వెళితే, మాట్లాడే విద్య ఎంత బాగా వచ్చినా మీ ముందు కూర్చున్న మనిషికి ప్రమాదం. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

ఆడిట్ గుర్తుంది కదా. తాగుడు ఎంత ముదిరిందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల పత్రం. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. 8 గానీ ఆ పైన గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉన్నట్టు. 20, ఆ పైన అయితే నిపుణుల దగ్గరికి పంపాలి. అందులో మొదటి మూడు ప్రశ్నలకు మార్కులు వేయమని మీకిచ్చిన కేసు సెంట్రింగ్ పని చేసే 38 ఏళ్ల మనిషిది. అతను చెప్పింది ఇంతే: “రోజూ ఒక్క కోటరే మేడం. ఎక్కువ తాగ. ఒళ్లు నొప్పులకు.”

చాలామంది ఇలా వేశారు. ఎన్నిసార్లు తాగుతాడు? రోజూ, కాబట్టి 4. తాగిన రోజున ఎన్ని డ్రింకులు? ఒకటి, కాబట్టి 0. ఒకే పూట ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తాగడం ఎంత తరచుగా? ఎప్పుడూ లేదు, కాబట్టి 0. మూడింటికీ కలిపి 4. కింద ఒకరు “పరిమితంగా తాగుతున్నారు, అభినందించాను” అని కూడా రాశారు.

ఆడిట్‌లో డ్రింకు అంటే సీసా కాదు, గ్లాసు కాదు. 10 గ్రాముల అసలు ఆల్కహాలు. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. ఆల్కహాలు నీళ్లకన్నా తేలిక కాబట్టి 0.79తో గుణిస్తే సుమారు 61 గ్రాములు. అంటే ఆరు డ్రింకులు. ఇప్పుడు మళ్లీ వేయండి. మొదటిదానికి 4. రెండోదానికి, ఐదు లేదా ఆరు డ్రింకుల గడిలో, 2. మూడోదానికి, రోజూ ఆరు తాగుతున్నాడు కాబట్టి, 4. మొత్తం 10. ఇంకా ఏడు ప్రశ్నలు అడగకముందే 8 దాటిపోయాడు. మీరు అభినందించి ఇంటికి పంపిన మనిషి ఇతనే.

ప్రతిసారీ గుణించక్కర్లేదు. నేను వాడే అడ్డదారి ఒకటుంది. మందు ఏదైనా మిల్లీలీటర్లను 30తో భాగిస్తాను. నైంటీ అంటే మూడు. హాఫ్ అంటే 375, పన్నెండున్నర. ఫుల్ అంటే ఇరవై ఐదు. బీరుకు ఈ లెక్క పనికిరాదు. 650 సీసా 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. “నేను మందు ముట్టను, బీరు మాత్రమే” అనేవాళ్ల దగ్గర ఇది గుర్తుంచుకోండి. రెండు స్ట్రాంగ్ బీర్లంటే క్వార్టర్ కన్నా ఎక్కువ.

పెగ్గు అనే మాటను మాత్రం అసలు నమ్మకండి. పర్మిట్ రూమ్‌లో పెగ్గుకు కొలత ఉండదు. ప్లాస్టిక్ గ్లాసులో ఎంత పోసుకుంటే అంత. ఇంట్లో స్టీలు గ్లాసైతే సగం దాకా పోసి, దాన్నే “ఒక పెగ్గు” అంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్ల లెక్క అదే. అందుకే నేను “ఎన్ని పెగ్గులు?” అని అడగను. “సీసా ఎన్ని రోజులొస్తది?” అని అడుగుతాను. కటింగ్ కొట్టేవాళ్లనైతే “ఎంతమంది? నీకెంత పోస్తరు?” అని అడుగుతాను. నా బల్ల మీద ఒక ఖాళీ గ్లాసు, నీళ్ల సీసా ఎప్పుడూ ఉంటాయి. “ఎంత పోసుకుంటావో ఇందులో పోసి చూపించన్నా” అంటాను. నోరు ఒకటి అన్న చోట చేయి మూడు పోస్తుంది. ఆ నీళ్లను కొలగ్లాసులోకి వంచి చూస్తే సరి. ఒక్కోసారి అతనే ఆ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోతాడు. అప్పుడు మీరేమీ అనకండి.

కల్లుకు ఏ లెక్కా వేయకండి. హైదరాబాద్ కల్లు కాంపౌండ్లలో దొరికేదాంట్లో ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కేసులు ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉన్నాయి. ఆ మనిషిది సగం మత్తుబిళ్లల వ్యసనం. ఆడిట్‌లో మార్కులు తక్కువొచ్చినా కల్లు ఆగిన రెండు మూడు రోజులకే ఫిట్స్ రావచ్చు. రోజూ కల్లు తాగే మనిషి అయితే మార్కులు చూడకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.

ఇక రెండో తప్పు. కొందరు లెక్క సరిగ్గానే వేశారు. వేసి, చివర్లో “ఈ రోజు నుంచే మానేస్తానని పిల్లల మీద ఒట్టు వేయించాను” అని రాశారు. దయచేసి ఈ పని చేయకండి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కార్తీక మాసం. ఒక ఆటో డ్రైవర్ భార్యతో వచ్చాడు. రోజూ ఒక సీసా అన్నాడు. కాగితం మీద 1 అని రాశాను. ఏ సీసా అని అడగలేదు. “సోమవారం అయ్యప్ప మాల వేసుకుంటున్నా మేడం, ఇగ ముట్ట” అన్నాడు. భార్య ముందే మెచ్చుకున్నాను. ఆదివారం రాత్రి చివరిసారి తాగాడు. సోమవారం తెల్లవారుజామున చన్నీటి స్నానానికి చెంబు ఎత్తితే చేతులు వణికి నీళ్లన్నీ కింద పోయాయి. చలి అనుకున్నారు. మంగళవారం పొద్దున ఫిట్స్. దీక్షలో ఏదో దోషం జరిగిందని గురుస్వామి దగ్గరికి తీసుకెళ్లారు. బుధవారం రాత్రి నేను చూసేటప్పటికి ఒంటి మీది నల్ల పంచెను ఒళ్లో పరుచుకుని, లేని చీమలను రెండు వేళ్లతో ఒక్కొక్కటిగా ఏరుతున్నాడు. ఏరినవాటిని భార్య చేతిలో పెడుతున్నాడు. ఆమె చెయ్యి చాపే ఉంచింది. ఆసుపత్రిలో చేర్చాక బతికాడు. ఆయన తాగేది హాఫ్ అని నాకు అప్పుడు తెలిసింది.

ఏళ్లుగా రోజూ తాగుతున్న ఒంటికి ఒక్కసారిగా మందు ఆగితే, చివరి చుక్క పడిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు, గాబరా మొదలవుతాయి. ఆరు నుంచి నలభై ఎనిమిది గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం. ఈ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడ్డాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు కట్టిన వరుసలు వీళ్లవే.

అందుకే నాకు ఇష్టమైన ప్రశ్న ఆడిట్‌లో లేదు. నేను చేర్చుకున్నాను: “ఇంతకు ముందు మాల వేసుకున్నావా అన్నా? మొదటి మూడు దినాలు ఎట్ల గడిసినయి?” రంజాన్ నెలలో మానేసేవాళ్లను రంజాన్ గురించి అడగండి. మిగతావాళ్లను ఎలక్షన్లకు 48 గంటలు షాపులు మూసినప్పటి సంగతి అడగండి. “మాలేసుకున్నప్పుడు ఒక్క సుక్క ముట్టలే” అని గర్వంగా చెప్పేవాళ్లే, మూడు దినాల గురించి అడిగేసరికి “నిద్ర లేకుండె, సాయ గిలాస రెండు చేతుల్తోని పట్టుకున్న” అంటారు. ఆ తర్వాత చివరిసారి ఎప్పుడు తాగాడో గంటతో సహా రాసుకోండి. గతంలో ఫిట్స్ వచ్చినా, పొద్దున లేవగానే తాగితే తప్ప చేతులు నిలవకపోయినా, మానే తేదీ మీరు పెట్టకండి. డాక్టర్ పెడతారు. ఎర్రగడ్డ పేరెత్తగానే ఇంట్లోవాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటే ఏదైనా సర్కారు దవాఖానాలో సైకియాట్రీ విభాగానికి పంపండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. వీధి చివర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని వస్తామంటే మాత్రం ఆపండి. ఏళ్లుగా తాగినవాళ్లలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ముప్పుంది.

సర్టిఫికెట్ గురించి ఈసారి కూడా అడిగారు. కొలంబో ప్లాన్ అనే అంతర్జాతీయ సంస్థ వ్యసన విముక్తి కౌన్సెలర్లకు పెట్టే ఐక్యాప్ పరీక్షకు చదివేవాళ్లకు ఈ పాఠం, దాని సిలబస్ అయిన యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరిక్యులంలోని ఐదో భాగంలోకి వస్తుంది. స్క్రీనింగ్, అసెస్‌మెంట్, రికార్డు రాయడం అన్నీ అక్కడే. గోప్యత, అనుమతి తీసుకోవడం గురించి మళ్లీ చెప్పను.

మిగిలిన చోటులో అసలు పాఠం మొదలుపెడదాం. మనస్తత్వవేత్తలు మిల్లర్, రోల్నిక్ అభివృద్ధి చేసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లో, అంటే మారాలన్న మాట ఆ మనిషి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతిలో, ప్రశ్నల కన్నా ఎక్కువగా వాడాల్సింది, విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పడం. అతను “ఇంటికి పోతే ఆమె ఒకటే లొల్లి, అందుకే తాగుత” అన్నాడనుకోండి. “లొల్లి ఎందుకవుతోంది?” అని అడిగితే భార్య మీద చాడీలు మొదలవుతాయి. “ఇంటికి పోవాలంటేనే మనసుకు బరువైతుంది” అని ఊరుకోండి. తర్వాతి మాట అతని గురించే వస్తుంది. వచ్చేవారం పూర్తిగా ఇదే.

అభ్యాసం, ఈసారి కాస్త గట్టిది. ఒక మనిషి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ నైంటీ. శనివారం కూలి డబ్బులొస్తే ముగ్గురు కలిసి ఒక హాఫ్. ఆదివారం రెండు స్ట్రాంగ్ బీర్లు. వారానికి మొత్తం ఎన్ని డ్రింకులు? ఆడిట్ మొదటి మూడు ప్రశ్నలకు ఎన్ని మార్కులు? తర్వాత, తాగే అలవాటున్న మీ బంధువుల్లో ఒకరిని ఒప్పించి, నిన్నటి నుంచి వెనక్కి ఏడు రోజులు, రోజు రోజుకీ ఏం తాగారు, ఎంత, ఏ సమయానికి ఆపారు అన్నది రాయండి. గ్లాసులో నీళ్లు పోయించి కొలిచిన అంకె కూడా పక్కన వేయండి. సలహా ఒక్కటి కూడా ఇవ్వకండి. శనివారం లోపు పంపండి.