టీవీనే మానిటర్‌గా వాడుతున్నారా? ముందు ఇది మార్చండి

ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే చాలామందికి టాస్క్‌బార్ సగం తెగిపోయి, అక్షరాలు మసకగా కనిపిస్తాయి. మన తెలుగులో అయితే ఒత్తులు, గుడులు అలుక్కుపోయి చదవడమే కష్టం. కేబుల్ పాడైందని టెన్షన్ పడకండి. ఛానెళ్ల ప్రసారాలకు తగ్గట్టు టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తుంది, అంతే. పిక్చర్ సైజు సెట్టింగ్‌లో ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సోనీలో 'ఫుల్ పిక్సెల్' లాంటి ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. తర్వాత ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును 'పీసీ' అని మార్చండి. ఎల్‌జీ, శామ్‌సంగ్ టీవీలు చాలావాటిలో ఈ ఒక్క మార్పుతోనే రంగు అక్షరాల చుట్టూ ఉండే మసక పోతుంది. పేరు మారిస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు, తేడా కళ్లకే తెలుస్తుంది! షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి. మౌస్ బాణం ఆలస్యంగా కదులుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయండి.

కొత్తగా కొనేవాళ్లు మాత్రం 'హెచ్‌డీ రెడీ' 32 అంగుళాల టీవీ తీసుకోకండి. చాలావాటిలో 1366×768 పిక్సెళ్లే ఉంటాయి, దగ్గర కూర్చుని చదవడానికి అవి చాలవు. కనీసం ఫుల్ హెచ్‌డీ ఉండాలి.