సీ కోడ్ చెక్ చేసే టూల్‌కి డబ్బు పెట్టే ముందు

సీ కోడ్‌లో తప్పులు పట్టే టూల్ కొందామని వెతికితే ముందు కనిపించేవాటిలో చాలావాటికి ధరే రాసి ఉండదు, సేల్స్ వాళ్లతో మాట్లాడమంటారు. అక్కడే ఆగండి. ఒంటరిగానో నలుగురితోనో పనిచేసేవాళ్లకు కావలసినవి చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి.

ముందు కంపైలర్‌తోనే పని చేయించుకోండి. జీసీసీ అనే సీ కంపైలర్‌కి -డబ్ల్యూఆల్ ఇస్తే వార్నింగులన్నీ వచ్చేస్తాయనుకుంటారు, పేరు అలా ఉంది మరి, కానీ రావు. పక్కన -డబ్ల్యూఎక్స్‌ట్రా కూడా పెట్టాలి, ఆప్టిమైజేషన్ కూడా ఆన్ చేయాలి, ఎందుకంటే విలువ ఇవ్వకుండా వాడేసిన వేరియబుల్స్‌లో కొన్ని అప్పుడే బయటపడతాయి. జీసీసీ 10 నుంచి -ఎఫ్‌ఎనలైజర్ కూడా ఉంది. ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ ఫ్రీ చేసే దారి ఏదైనా ఉంటే మెట్టుమెట్టుగా చూపిస్తుంది.

తర్వాత సీపీపీచెక్, ఇది కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్. పేరు చూసి సీ ప్లస్ ప్లస్‌కే అనుకోకండి, సీకీ పనిచేస్తుంది. అలాగే క్లాంగ్ (ఇంకో సీ కంపైలర్) వాళ్ల స్కాన్-బిల్డ్‌ని ప్రాజెక్టుని కంపైల్ చేసే మేక్ కమాండ్ ముందు తగిలిస్తే చాలు, కాకపోతే ముందు మేక్ క్లీన్ కొట్టి పాత బిల్డ్ చెరిపేయండి. లేదంటే కొత్తగా కంపైల్ చేయడానికి ఫైలే ఉండదు, రిపోర్టు ఖాళీగా వస్తుంది, మీరేమో నా కోడ్ బంగారం అనుకుంటారు.

నన్నడిగితే వీటన్నిటికంటే విలువైనది అడ్రస్ శానిటైజర్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సదుపాయం. ఒకసారి స్ట్రింగ్ కాపీకి మెమరీ అడిగే మాలాక్‌లో పొడవు మాత్రమే ఇచ్చి, చివరి సున్నా బైటుకి ప్లస్ వన్ మర్చిపోయాను. నా ల్యాప్‌టాప్‌లో నెలల తరబడి బుద్ధిగా నడిచిన ప్రోగ్రామ్ సరిగ్గా డెమో రోజు పడిపోయింది. రెండు రోజులు ప్రింట్‌ఎఫ్‌లు చల్లుకుంటూ తిరిగి, చివరికి -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ పెట్టి నడిపితే మొదటి రన్‌లోనే ఫైలు పేరు, లైను నంబరు చెప్పేసింది. ఈ ఫ్లాగ్ కంపైల్‌కీ లింక్‌కీ రెండింటికీ ఇవ్వాలి, డీబగ్ సమాచారం చేర్చే -జీ మర్చిపోతే లైను నంబర్లు రావు. కామా పెట్టి అన్‌డిఫైన్డ్ అని చేరిస్తే సైన్డ్ ఇంటీజర్ ఓవర్‌ఫ్లో లాంటివి కూడా పడతాయి. ప్రోగ్రామ్ వేగం దాదాపు సగానికి పడిపోతుంది, టెస్టింగ్‌లో అదేం పెద్ద బాధ కాదు.

విలువ ఇవ్వని మెమరీని చదవడం మాత్రం అడ్రస్ శానిటైజర్‌కి అంతుపట్టదు. అందుకు వాల్‌గ్రైండ్ ఉంది, కానీ అది ప్రోగ్రామ్‌ని 10 నుంచి 30 రెట్లు నెమ్మదిగా నడిపిస్తుంది. శానిటైజర్ పెట్టిన బిల్డ్‌ని దీని కింద నడపకండి, రెండింటికీ పొసగదు. వాల్‌గ్రైండ్ కావాలంటే విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) వేసుకోవాల్సిందే. ఇంకో సంగతి, శానిటైజర్, వాల్‌గ్రైండ్ రెండూ నడిచిన లైన్లనే చూస్తాయి, టెస్టులు లేని ఫంక్షన్‌లో బగ్ హాయిగా నిద్రపోతూనే ఉంటుంది.

పాత ప్రాజెక్టు మీద మొదటిసారి నడిపితే వందల వార్నింగులు వచ్చి పడతాయి. టెన్షన్ పడకుండా ముందు మెమరీవి చూడండి, స్టైల్‌వి పక్కన పెట్టండి.

మరి డబ్బు ఎప్పుడు పెట్టాలి? కార్లకో మెడికల్ పరికరాలకో కోడ్ రాస్తున్నప్పుడు, కస్టమర్ మిస్రా (భద్రత ముఖ్యమైన చోట సీ కోడ్ రాసే నియమాలు) రిపోర్టు కావాలని కూర్చున్నప్పుడు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయితే కవరిటీ స్కాన్ (కవరిటీ అనే పెయిడ్ టూల్ వాళ్ల ఆన్‌లైన్ సేవ) ఉచితమే. కొనాల్సి వస్తే మాత్రం ట్రయల్ అడగండి, వాళ్లు డెమోకి తెచ్చిన కోడ్ మీద కాదు, మీ పాత వెర్షన్‌లో మీకు ముందే తెలిసిన బగ్ ఉన్న ఫైలు మీద నడిపించండి. నేనైతే ఆ ప్లస్ వన్ లేని ఫైలే ఇస్తాను.