కేదార్‌కంఠ మంచులో మెరినో: ఒంటిని ఆనుకునే మొదటి పొర

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కేవాళ్లు జాకెట్‌కు పెట్టిన శ్రద్ధలో సగం కూడా దాని లోపల వేసుకునే థర్మల్‌కు పెట్టరు. అసలు చలి పట్టుకునేది అక్కడే. 12,500 అడుగుల శిఖరానికి తెల్లవారుజామున ఎక్కుతుంటే, గడ్డకట్టే చలిలోనూ వీపంతా చెమటే. కాసేపు ఆగితే ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టిస్తుంది.

కాటన్ బనియన్ ఈ చెమటను పీల్చుకుని తడిగుడ్డలా ఒంటికి అంటుకుపోతుంది. మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకున్నా చర్మానికి తడి తెలియనివ్వదు. అందుకే మెరినో కింద బనియన్ వేయకండి. అలవాటు కొద్దీ చాలామంది వేసేస్తారు, దాంతో పెట్టిన డబ్బంతా వృథా.

కొనేటప్పుడు లేబుల్ మీద రెండు అంకెలు చూడండి. మైక్రాన్ అంటే పోగు మందం: 18.5 లేదా అంతకంటే తక్కువైతే చాలామందికి దురద ఉండదు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో: నడకకు 150, క్యాంపులో పడుకోవడానికి 200 నుంచి 250. మందంగా ఉన్నదే మంచిదనుకుని 250 వేసుకుని నడిస్తే చెమటతో నానిపోతారు, అది ఆరడానికీ చాలా సమయం పడుతుంది. వేసుకుని చేతులు పైకెత్తి చూడండి. నడుము బయటపడితే పొడవు చాలదు. ఒంటికి ఆనుకుని ఉండాలి, బిగుసుకోకూడదు. భుజం మీద కుట్టు ఎత్తుగా ఉంటే బ్యాగు పట్టీ కింద ఒరుసుకుంటుంది. కొంచెం నైలాన్ కలిసినది ఎక్కువ రోజులు మన్నుతుంది.

నడక మొదలయ్యే సాంక్రి ఊరి నుంచి నాలుగైదు రోజుల నడకకు రెండు జతలు చాలు, ఒకటి నడవడానికి, ఒకటి పడుకోవడానికి. రాత్రి జతను పగలు ఎట్టి పరిస్థితిలోనూ తొడగవద్దు. ఒంటి మీద ఏం తడిసినా టెంటులో మార్చుకోవడానికి పొడిది ఒకటి ఉండాలి. శిఖరానికి బయలుదేరేటప్పుడు మెరినో మీద ఫ్లీస్ (మెత్తటి సింథటిక్ స్వెటర్ లాంటిది) వేసుకుంటే సరిపోతుంది. గాలి ఎక్కువగా ఉంటే పైన పల్చటి విండ్‌చీటర్ వేయండి. మొదటి పది నిమిషాలు కాస్త చలి వేస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టే. డౌన్ జాకెట్ (పక్షి ఈకల నూగు నింపినది) బ్యాగులో పైనే పెట్టుకుని, ఆగిన వెంటనే, చలి మొదలవకముందే తొడుక్కోండి. కాస్త చెమ్మగిల్లిన జతను రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పెట్టుకోండి, బయట ఆరేస్తే తెల్లారేసరికి గడ్డకడుతుంది. మంట దగ్గర మాత్రం ఆరబెట్టొద్దు, ఉన్ని మాడుతుంది.

మెరినో నాలుగు రోజులు వేసుకున్నా పెద్దగా వాసన రాదు కాబట్టి దారిలో ఉతికే పని లేదు, పగలు గాలికి ఆరేస్తే చాలు. ఇంటికొచ్చాక మాత్రం జాగ్రత్త. చాలా మెరినోలు పాడయ్యేది కొండ మీద కాదు, ఉతికే దగ్గరే. మామూలు డిటర్జెంట్లలో చాలావాటిలో ప్రొటీన్ మరకలను కరిగించే ఎంజైములు ఉంటాయి. ఉన్ని కూడా ప్రొటీనే, అవి దాన్నీ తింటాయి. ఈజీ లాంటి ఉన్ని లిక్విడ్ వాడండి, నీళ్లు 30 డిగ్రీలు దాటకూడదు. బ్రష్ వద్దు, బండకేసి బాదడం అసలే వద్దు. వేడి, రాపిడి కలిస్తే పోగు మీది సన్నని పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది. మళ్లీ సాగదు. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు పోగు మీద పొర కట్టి తేమ పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. పిండకుండా పొడి తువ్వాలులో చుట్టి అదమండి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది.

దాచేముందు ఉతకడం తప్పనిసరి. ఉన్నిని కొరికే పురుగు పిల్లలకు చెమట మరకలంటే ఇష్టం. పూర్తిగా ఆరాక గాలి చొరని కవరులో పెట్టండి. చిన్న చిల్లు కనిపిస్తే ఆ రోజే సన్నని దారంతో కుట్టేయండి. అల్లిన బట్ట కాబట్టి ఒక్క కన్ను ఊడితే పక్కవీ జారిపోతాయి.