షిబారి నేర్చుకోవాలంటే: జపాన్ స్టూడియోలో మొదటి ముడి దాకా

షిబారి అంటే జపాన్‌వాళ్లు తాడుతో మనిషిని కట్టే కళ. కిన్‌బాకు అని కూడా అంటారు. ఫోటోల్లోనో వీడియోల్లోనో చూసినప్పుడు మన కంటికి కనిపించేది తాడు గీసిన అందమైన గీతలే కాబట్టి, నాలుగు వీడియోలు చూసి తాడు కొనుక్కుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఆ తాడు కింద ఒక మనిషి ఉన్నారు. వాళ్ల నరాలు ఎక్కడ పైకి తేలి ఉంటాయో, ఊపిరి ఎప్పుడు మారిందో, ముఖం ఎప్పుడు వాడిపోయిందో వీడియో మీకు చెప్పదు. మీ చేతి మీద చెయ్యి వేసి "ఇక్కడ కాదు, ఇంకో రెండు వేళ్లు కిందకి" అని చెప్పే గురువు పక్కన ఉండాలి. ఈ వ్యాసం అలాంటి చోటికి వెళ్లి మొదలుపెట్టాలనుకునే పెద్దవాళ్ల కోసం. పిల్లలకి సంబంధించిన విషయం కాదు, ఇద్దరిలో ఒక్కరికి ఇష్టం లేకపోయినా చేసే పనీ కాదు.

కొంచెం చరిత్ర తెలుసుకుని వెళ్లడం మంచిది, అది ఊరికే జ్ఞానం కోసం కాదు. ఎడో యుగం అని పిలిచే కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, జపాన్‌లో నేరస్తుల్ని తాడుతో పట్టి బంధించే విద్య ఒకటి ఉండేది, దాన్ని హోజోజుత్సు అంటారు. ఒక్కో గురుపరంపరది ఒక్కో పద్ధతి. టోక్యోలో ఒచనోమిజు దగ్గర మేజీ యూనివర్సిటీ మ్యూజియంలో నేరాలు, శిక్షలకు ఒక విభాగం ఉంది, ఆ రోజుల్లో మనుషుల్ని పట్టుకోవడానికి వాడిన సామాను అక్కడ చూడొచ్చు. వీలైతే క్లాసుకి ముందే ఒకసారి వెళ్లిరండి. తర్వాత ఇతో సేయు (1882–1961) అనే చిత్రకారుడు కబుకి నాటకాల్లోని హింస సన్నివేశాల ప్రభావంతో, తాడుతో కట్టిన మోడల్స్‌ని బొమ్మలు గీశాడు, ఫోటోలు తీయించాడు. ఈనాటి షిబారికి ఆయన్నే మూలపురుషుడిగా చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పత్రికల ద్వారా ఇది ఇంకా వ్యాపించింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాత పద్ధతి ఉద్దేశం ఖైదీ తప్పించుకోకుండా చూడటం. మనం నేర్చుకునేదాంట్లో కట్టించుకునే మనిషి క్షేమమే మొదటి లెక్క. కాబట్టి పాత పుస్తకాల్లోని బొమ్మలు చూసి, ముఖ్యంగా మెడ చుట్టూ తాడు వేసే పద్ధతులు చూసి, ఎవరిమీదా ప్రయత్నించకండి.

స్టూడియో ఎలా ఎంచుకోవాలి

టోక్యోలో దీనికోసమే నడిచే చిన్న స్టూడియోలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఇంగ్లీషులో చెప్పే గురువులూ దొరుకుతారు, కాబట్టి టోక్యోలో మనదేశంవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి వైపు ఉంటూ జపనీస్ అంతంతమాత్రంగా వచ్చిన మనవాళ్లు కూడా భాష గురించి బెంగపడనక్కర్లేదు. ముందు డబ్బు కట్టేయకండి. జపాన్‌లో చాలా విద్యలకు కెన్‌గాకు అని ఒక మంచి అలవాటు ఉంది, చేరకముందు ఒకరోజు వచ్చి పక్కన కూర్చుని చూడటం. ఇక్కడ కూడా అది కుదురుతుందేమో అడగండి. చూడటానికి వెళ్లినప్పుడు గురువు ఎంత వేగంగా, ఎంత అందంగా కడుతున్నారన్నది పక్కన పెట్టి, విప్పేటప్పుడు ఎలా ఉన్నారో గమనించండి. తాడులో ఉన్నవాళ్లు "చాలు" అంటే ఆ క్షణమే ఆపారా, లేక "ఇంకొక్క నిమిషం" అని సర్దిచెప్పారా? కత్తెర చేతికి అందే దూరంలో ఉందా? కొత్తవాళ్లని మొదటిరోజే పైకి వేలాడదీస్తామని ఊరించే చోటు అయితే లేచి వచ్చేయండి. నా దృష్టిలో మంచి గురువుకి గుర్తు, మీకు చేయి వీలైనంత నెమ్మదిగా కదపడం నేర్పడమే.

ఒంటరిగా వెళ్లొచ్చా అంటే కొన్నిచోట్ల జంటగా రమ్మంటారు, కొన్నిచోట్ల ఒంటరివాళ్లకి మీ కాలి మీద మీరే కట్టుకుని నేర్చుకునే క్లాసులు ఉంటాయి. ముందే అడిగి వెళ్లండి, వయసు చూపించే ఐడీ దగ్గర పెట్టుకోండి.

వెళ్లే రోజు

గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. వంటికి అతుక్కునే, సాగే బట్టలు వేసుకోండి, చేతులు పూర్తిగా ఉన్నవైతే మొదట్లో తాడు ఒరుసుకోదు. షిబారికి బట్టలు విప్పాల్సిన అవసరం ఏమీ లేదు, ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి. రెండు గంటల ముందు తేలికగా ఏమైనా తినండి, ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయి. మందు తాగి మాత్రం వెళ్లొద్దు, అది కట్టేవాళ్లకీ వర్తిస్తుంది, కట్టించుకునేవాళ్లకీ.

చాలా స్టూడియోల్లో నేలమీద తతామి చాపలు ఉంటాయి కాబట్టి చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే విప్పేయాలి. ఎవరి తాడైనా కింద పడి ఉంటే తొక్కకండి, దాటకండి, అడగకుండా ముట్టుకోకండి. ఫోను బ్యాగులోనే ఉంచండి. తాడులో ఉన్న మనిషి ఫోటో వాళ్ల అనుమతి లేకుండా తీయడం కన్నా పెద్ద తప్పు అక్కడ ఇంకోటి లేదు.

కట్టకముందు మాట్లాడుకోవాలి

మనవాళ్లకి ఇదే కష్టం. మొహమాటం. తాడు పట్టుకోకముందే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి: భుజం ఎప్పుడైనా జారిందా, మోకాలికి దెబ్బ తగిలిందా, షుగరు, బీపీ, ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉన్నాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఎక్కడ తాకితే ఇబ్బంది, ఎక్కడ పర్లేదు, ఈరోజు మనసు ఎలా ఉంది, అన్నీ. ఆపమని చెప్పడానికి ఒక మాట పెట్టుకోండి, నోరు పెగలని పరిస్థితి వస్తే అని చేత్తో చేసే సైగ కూడా ఒకటి. "అవును" అని చెప్పాక మధ్యలో మనసు మారితే ఆ మారిన మాటే చెల్లుతుంది. కారణం చెప్పక్కర్లేదు. భార్యాభర్తలైనా సరే ఈ మాటలు దాటేయకండి, అసలు బాగా తెలిసిన మనుషుల మధ్యే "ఆయనకి తెలుసులే", "ఆవిడేమీ అనుకోదులే" అన్న ధీమా ఎక్కువ.

తాడు సంగతి

ఎక్కువగా వాడేది జనపనార తాడు. మూడు పేటలు పేనినది, 6 మిల్లీమీటర్ల మందం, 7 నుంచి 8 మీటర్ల పొడుగు. కొత్త తాడుకి నూలు తీసేటప్పుడు పట్టించిన నూనె వాసన ఉంటుంది, ఉత్తరాంధ్రలో గోగునార, జనపనార మిల్లులు తెలిసినవాళ్లు పట్టుకోగానే గుర్తుపడతారు. మొదట్లో మీరు తాడు కొనక్కర్లేదు, స్టూడియోలో అడిగితే ఇస్తారు. కొంటే మాత్రం హార్డ్‌వేర్ షాపులో దొరికే గరుకు తాడు వద్దు, ఈ పనికోసం మెత్తబరిచి అమ్మేదే తీసుకోండి. నైలాన్ కూడా మొదట్లో వద్దంటాను, జారిపోతుంది, ముడి నిలవదు, వేగంగా లాగితే చర్మం కాలుతుంది.

మొదటి కట్టు: ఒక చేతికి

అన్నిటికీ మూలం ఇదే, ఒక్క చేతికో ఒక్క కాలికో మాత్రమే వేసే కట్టు, అందుకే దీన్ని ఒంటి కట్టు అందాం. స్టూడియోని బట్టి కొద్దిపాటి తేడాలు ఉంటాయి, నేను చెప్పేది అన్నిటికన్నా తేలికైన రూపం. మనిషి మీద కాకుండా ముందు మీ తొడ మీదో, చుట్టిన చాప మీదో వేసి చూడండి.

తాడుని సరిగ్గా సగానికి మడవండి. ఆ మడత ఉన్న కొసని నవగాషిరా అంటారు, ఎప్పుడూ పని మొదలయ్యేది అక్కడినుంచే. జంటగా ఉన్న ఆ తాడుని ముంజేతి చుట్టూ రెండుసార్లు తిప్పండి, మణికట్టు ఎముక మీద కాకుండా దానికి కాస్త మోచేతి వైపు. జంట తాడు కాబట్టి రెండు చుట్లకి నాలుగు వరసలు పడతాయి. ఇక్కడ ఆగి చూడండి. నాలుగూ పక్కపక్కనే చదునుగా పడుకుని ఉండాలి. ఒకటి ఇంకోదాని మీదకి ఎక్కిందంటే బరువంతా ఆ ఒక్క గీత మీద పడి చర్మంలోకి దిగుతుంది, అప్పుడు విప్పి మళ్లీ వేయాల్సిందే. ఎడమ చేతి రెండు వేళ్లు చుట్ల కింద ఉంచి చుడితే కావాల్సినంత ఖాళీ దానంతటదే మిగులుతుంది.

ఇప్పుడు మీ దగ్గర ఒకవైపు జానెడు మడత కొస, ఇంకోవైపు పొడుగు తాడు ఉన్నాయి. మడత కొసని పొడుగు తాడు మీదుగా దాటించి, నాలుగు వరసల కిందనుంచి దూర్చి పైకి తీయండి. దూర్చేటప్పుడు తాడు చివర చర్మానికి గీసుకోకుండా మీ వేలు అడ్డం పెట్టి దాంతోపాటే నడిపించండి, ఈ ఒక్క అలవాటుతో కట్టించుకునేవాళ్లకి మీ మీద సగం నమ్మకం వచ్చేస్తుంది. తర్వాత మడత కొస, పొడుగు తాడు రెండూ కలిపి ఇంకో ముడి వేయండి, ఇది మొదటి మెలికకి ఎదురు దిశలో పడాలి. అదే దిశలో పడితే ముడి జారుతుంది. చివరగా పొడుగు తాడుని అన్ని వైపులకీ మెల్లగా లాగి చూడండి. చుట్లు కొంచెం కూడా బిగుసుకోకూడదు, రెండు వేళ్లు అప్పటికీ దూరాలి. బిగుసుకుంటే అది కట్టు కాదు, ఉచ్చు. విప్పేయండి.

లాగే పద్ధతి మీదే అసలు క్లాసంతా నడుస్తుంది. ఒకే బిగువుతో, కుదుపు లేకుండా, ఎదుటివాళ్లు ఊపిరి వదిలేటప్పుడు తాడు సాగేలా లాగడం చేతికి రావాలంటే సమయం పడుతుంది. ముడి ఒక పూటలో వచ్చేస్తుంది, ఇది అలా రాదు.

నరం, రక్తం: రెండూ ఒకటి కాదు

చెయ్యి నీలంగానో ఎర్రగానో మారి చల్లబడితే రక్తం సరిగా ఆడట్లేదని అర్థం, వదులు చేస్తే మామూలుగా తేరుకుంటుంది. అంతకన్నా ప్రమాదం నరం నొక్కుకుపోవడం. రేడియల్ నరం అని ఒకటి పై చేయి వెనకనుంచి బయటివైపు ఎముకని చుట్టుకుని వెళ్తుంది. అక్కడ తాడు నొక్కితే మణికట్టు వాలిపోయి చెయ్యి పైకి లేవకుండా పోవచ్చు, తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టొచ్చు. కొన్నిసార్లు నొప్పే ఉండదు, కాబట్టి "నొప్పి లేదుగా" అనే మాట మీద ఆధారపడకండి. మోకాలి బయటివైపు కిందగా, మోచేతి లోపలివైపు కూడా ఇలాంటి చోట్లే.

అందుకని మధ్యమధ్యలో అడుగుతూ ఉండాలి: అరచెయ్యి వెనక్కి ఎత్తు, వేళ్లు విప్పి చాపు, నా వేలు గట్టిగా పట్టుకో. ఇందులో ఏది కుదరకపోయినా, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, ఉన్నట్టుండి చురుక్కుమనడం లాంటిది ఏమున్నా వెంటనే విప్పాలి. తిమ్మిరెక్కితే కాసేపట్లో అదే పోతుందిలే అని ఊరుకోవడం మనకి అలవాటు, తాడులో ఉన్నప్పుడు ఆ అలవాటు పనికిరాదు. విప్పడానికి టైం పట్టేలా ఉంటే కత్తిరించండి, తాడు ఖరీదు గురించి ఆలోచించకండి. మొన మొద్దుగా ఉండే ఫస్ట్ ఎయిడ్ కత్తెర కొని, అది మీ తాడుని నిజంగా తెంచుతుందో లేదో ఒక ముక్క మీద ముందే చూసుకోండి. విప్పాక కూడా చేయి లేవకపోతే, స్పర్శ తిరిగి రాకపోతే సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

మెడ మీద తాడు ఎప్పుడూ వద్దు. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి పక్క గదిలోకి కూడా వెళ్లొద్దు.

విప్పడం, ఆ తర్వాత

కట్టినంత శ్రద్ధగానే విప్పాలి. తాడుని సర్రున లాగేయకుండా, వేసిన వరసకి ఎదురుగా ఒక్కో చుట్టూ తీయండి. చాలాసేపు ఒకే భంగిమలో ఉన్న చేతుల్ని వాళ్లంతట వాళ్లే మెల్లగా కదుపుకోనివ్వండి, మీరు పట్టుకుని లాగొద్దు. నీళ్లు ఇవ్వండి, చలిగా ఉంటే దుప్పటి కప్పండి, కాసేపు పక్కనే కూర్చోండి. కొందరికి ఏడుపొస్తుంది, కొందరికి నవ్వొస్తుంది, కొందరు ఏమీ మాట్లాడరు. చర్మం మీద తాడు అచ్చులు మామూలుగా కొన్ని గంటల్లో పోతాయి. మర్నాడు ఒక మెసేజ్ పెట్టి చేతులు ఎలా ఉన్నాయో కనుక్కోండి, కొన్ని ఇబ్బందులు అప్పుడే బయటపడతాయి.

తర్వాత ఏం నేర్చుకోవాలి

చేతులు వెనక్కి పెట్టి ఛాతీ చుట్టూ వేసే తకతెకొతె అనే కట్టు అందరికీ నచ్చుతుంది, ఫోటోల్లో ఎక్కువ కనిపించేది అదే. పై చేతుల నరాలకి ఎక్కువ ప్రమాదం ఉన్నదీ అదే. ఒంటి కట్టు కళ్లు మూసుకుని వేసి, ఎదుటివాళ్లతో మాట్లాడుతూనే విప్పగలిగేదాకా దాని జోలికి వెళ్లకండి. వేలాడదీయడం అనేది అసలు వేరే చదువు, గురువు ఎదురుగా ఏళ్ల తరబడి చేశాక ఆలోచించాల్సింది. వీలైతే మీరు కూడా తాడులో కూర్చుని చూడండి. ఎంత బిగువు హాయిగా ఉంటుందో, ఎక్కడ ఊపిరి అందదో అప్పుడు తెలుస్తుంది. చాలామంది గురువులు ఈ సలహానే ముందు ఇస్తారు.

ఇంట్లో సాధనకి మీ సొంత కాలు చాలు. తాడు వాడాక ముడులన్నీ విప్పి గాలి తగిలేచోట వేలాడదీయండి, తడిగా చుట్టి పెడితే బూజు పడుతుంది. లేచిన పోగుల్ని మంట మీద వేగంగా దాటించి కాల్చి, చెమ్మ లేని గుడ్డతో తుడిచి, పొడిబారితే కామెలియా నూనో జోజోబా నూనో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని తాడంతా పట్టించండి. పనిలో పనిగా పొడుగంతా వేళ్ల మధ్యనుంచి పోనిచ్చి చూసుకోండి: ఒక పేట తెగినా, ఒకచోట సన్నబడినట్టు తగిలినా ఆ తాడు ఇక మనిషి మీద వాడొద్దు, ముక్కలు కోసి మీ కత్తెర పదును చూసుకోవడానికి ఉంచుకోండి.